స్మృతి తొలగిన వేళ స్మరించువాడు స్వామి

మరణము సర్వప్రాణులకును సమానమే. కాని మరణమునకు దారితీయు త్రోవలు సమానములు కావు. కొందరిని జ్వరము కొనిపోవును. కొందరిని వార్ధక్యము మెల్లమెల్లగా నడిపించుకొనిపోవును. అట్టివారిలో పెక్కురు తుదిఘడియ వరకు తమవారిని గుర్తింతురు, తులసీతీర్థము పుచ్చుకొందురు, నారాయణనామము పలుకుదురు. అది చూచిన బంధువులు దుఃఖములోను ఒక తృప్తి పొందుదురు. అట్లుగాక, దేహమున బలము ఇంకను ఉండగనే బుద్ధియు, స్మృతియు, వాక్కును కొలదివారములలో అంతరింపజేయు వ్యాధులు కొన్ని కలవు. అవి మిక్కిలి అరుదు. అరుదగుటచేతనే, అవి వచ్చిన యింటివారికి తోడు చాల తక్కువ.

ఆ యింటివారు వైద్యుని అడుగు ప్రశ్న ఒకటి, భగవంతుని సన్నిధిని అడుగు ప్రశ్న వేరొకటి. “బ్రతుకునా?” అని వైద్యుని అడుగుదురు. ధ్వజస్తంభము కడ నిలిచి, “జీవితమంతయు నిన్ను కొలిచినవాడు కడపట నిన్నే మరచిపోయెను. ఇతని గతి యేమి? ఇతనికి మేము చేయవలసినదేమి?” అని అడుగుదురు. ఈ రెండవ ప్రశ్నకు శాస్త్రమున సమాధానము కలదు. ఆ సమాధానము వేదాంతగోష్ఠికి మాత్రమే చెందినది కాదు. రోగి పడక కడ రాత్రులు మేలుకొని కూర్చుండు ఇల్లాలికిని, కుమారునికిని అది నిత్యము పనికివచ్చునట్టిది.

వ్యాధి స్వరూపము

ఇట్టి వ్యాధులలో ముఖ్యమైనది క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్ వ్యాధి. దీనిని వైద్యులు సంక్షేపముగా సి.జె.డి. అందురు. 1920, 1921 సంవత్సరములలో జర్మనీదేశపు వైద్యులిద్దరు దీనిని వర్ణించిరి. వారి పేర్లే వ్యాధికి వచ్చినవి. సంవత్సరమునకు పదిలక్షల జనులలో ఒకరికో ఇద్దరికో మాత్రమే ఇది కలుగును. మెదడులో సహజముగా నుండు ఒక ప్రోటీను తన మడతను తప్పి వికృతరూపము దాల్చును. అంతటితో ఆగక, దాపుననున్న సహజమైనవానిని గూడ తనవలె మార్చుకొనిపోవును. అమెరికాదేశపు శాస్త్రజ్ఞుడు స్టాన్లీ ప్రూసినర్ 1982లో దీనికి “ప్రియాన్” అని పేరు పెట్టి, 1997లో నోబెల్ బహుమతి నందెను. ఇది వైరసు కాదు, బాక్టీరియా కాదు. దీనివలన మెదడు క్రమముగా స్పాంజివలె చిల్లులు పడును.

రోగులలో పెక్కురు 60 ఏండ్ల ప్రాయము వారు. మొదట మతిమరపు, నడకలో తూలుపాటు, చూపు మసకబారుట కనబడును. తరువాత కాలుసేతులు తటాలున కుదుపుకొనును. చిన్న చప్పుడునకే రోగి ఉలికిపడును. కడపట మాట పోవును, కదలిక పోవును. కన్నులు తెరచియున్నను పలుకులేని స్థితి వచ్చును. వ్యాధి మొదలైన 4 నుండి 6 మాసములలోనే చాలమంది మరణింతురు. సంవత్సరము దాటి బ్రతుకువారు కొందరే. నూటికి సుమారు 85 మందిలో ఏ కారణమును కానరాదు. నూటికి 10 నుండి 15 మందికి అది వంశపారంపర్యమైన జన్యుదోషమువలన వచ్చును. దీనిని ఆపగల ఔషధము ఇంకను లభింపలేదు.

భారతదేశమునకు ఇది క్రొత్త కాదు. 1971 నుండి 1990 వరకు దేశమున కనబడిన రోగులనుగూర్చి బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ వైద్యులు 1991లోనే వివరములు ప్రకటించిరి.

కోనసీమలో ఒక గృహస్థును ఊహించుకొనుడు. వాడపల్లి వేంకటేశ్వరుని ఏడు శనివారములు దర్శించి ప్రదక్షిణములు చేయుట ఆయనకు అలవాటు. విష్ణుసహస్రనామము ఆయనకు కంఠస్థము. ఒకనాడు పారాయణమధ్యమున ఒక నామము తప్పును. నవ్వుకొని మరల మొదలిడును. పక్షము గడచునప్పటికి కాలువగట్టున నడుచుచు తూలును. రెండవమాసమున తన ఇంటి త్రోవనే అడుగును. మూడవమాసమున భార్యను చూచి “ఎవరమ్మా నీవు?” అనును. అమలాపురము, కాకినాడ, విశాఖపట్టణము అని ఆసుపత్రులు తిరిగిన పిమ్మట, ఎన్నడును వినని ఒక వ్యాధి పేరు ఆ యింటివారు వినవలసివచ్చును. ఇది కల్పితమైన ఉదాహరణమే. కాని ఈ వ్యాధి వచ్చిన ప్రతిగృహమునందును కథ ఇంచుమించుగా ఇట్లే నడచును.

పూర్వపక్షము

భగవద్గీత అష్టమాధ్యాయమున అంత్యస్మరణమునుగూర్చి భగవానుడు చెప్పినది ప్రసిద్ధము. దేహమును విడుచునపుడు జీవుడు దేనిని తలచునో దానినే పొందునని దాని తాత్పర్యము. దీనిని బట్టి కొందరు ఇట్లు శంకింతురు. తలచుటకు మనస్సు కావలెను. ఆ మనస్సునకు పనిముట్టైన మెదడే చెడిపోయిన పిమ్మట తలపు ఎక్కడిది? తలపు లేనపుడు సద్గతి ఎక్కడిది? అరువది సంవత్సరముల ఆరాధనము నాలుగు మాసముల వ్యాధిచే తుడిచిపెట్టబడినదా? అట్లయిన భక్తుని భక్తికంటె ఒక వికృతమైన ప్రోటీనుకే బలము హెచ్చని ఒప్పుకొనవలసివచ్చును.

ఈ శంకను చిన్నచూపు చూడరాదు. దీనిని మనసులో పెట్టుకొని పైకి చెప్పుకొనలేక కుములువారు కలరు. అందుకే కొన్ని గృహములలో, వాక్కు పోయిన రోగిచేత ఎట్లయినను ఒక్కసారి నామము పలికింపవలెనని పట్టుపట్టి, చెవికడ బిగ్గరగా అరచుచు, పలుకలేకపోయినపుడు ఏడ్చుచు, రోగిని తామును బాధపెట్టుకొనుచుందురు.

సిద్ధాంతము

శ్రీవైష్ణవసంప్రదాయమున ఈ శంకకు సమాధానము వరాహచరమశ్లోకమున కలదు. తిరుమలలో స్వామిపుష్కరిణీతీరమున వెలసిన ఆదివరాహస్వామిని తొలుత సేవించి, పిమ్మట శ్రీనివాసుని సేవించుట యాత్రికులకు ఆచారము. ఆ వరాహమూర్తి భూదేవికి ఇచ్చిన అభయమే ఈ చరమశ్లోకము. మనస్సును శరీరమును స్వస్థముగా నున్నపుడు ఎవడు తన్ను తలచునో, వాడు అవసానమున కట్టెవలె రాయివలె పడియున్నపుడు వానిని తానే తలచి పరమపదమునకు తీసికొనిపోవుదునని స్వామి మాట ఇచ్చెను.

ఇచ్చట కట్టె, రాయి అను ఉపమానములను గమనింపవలెను. భక్తునికి అట్టి దశ రాదని స్వామి చెప్పలేదు. వచ్చునని అంగీకరించియే, అపుడు స్మరించు బాధ్యతను తనమీద వేసికొనెను. తల్లి చేయి పట్టుకొని తీర్థమునకు పోవు పిల్లవాడు త్రోవలో నిద్రపోయిన, తల్లి వానిని అక్కడనే విడిచిపోవునా? భుజముపై వేసికొని నడచును. చేయి పట్టుకొనుట పిల్లవాని పని అయినంతవరకు వాడు చేసెను. నిద్రలో మోయుట తల్లి పని.

ఆళ్వారుల హృదయమును ఇట్టిదే. కడపట కఫము గొంతున అడ్డుపడినపుడు నిన్ను తలచుట ఎట్లు సాధ్యము, కావున ఇప్పుడే నా మనస్సు నీ పాదములయందు ప్రవేశించుగాక యని కులశేఖరుడు ముకుందమాలలో వేడుకొనెను. అప్పటికొరకు ఇప్పుడే చెప్పియుంచితినని పెరియాళ్వారు శ్రీరంగనాథునితో విన్నవించుకొనెను. మహాభక్తులకే తుదిఘడియపై నమ్మకము లేకపోయెను. తమ స్మృతిని వారు నమ్ముకొనలేదు. స్వామి స్మృతిని నమ్ముకొనిరి. కావున తన ఉపాయముతో యోగము సాధించువానికి అంతిమస్మృతి నియమము కాని, శరణాగతునికి ఆ భారము భగవంతునిదే యని పెద్దలు నిర్ణయించిరి.

రోగి “మనిషే మారిపోయినాడు” అనువారికి విశిష్టాద్వైతము మరియొక సమాధానము చెప్పును. జ్ఞానము రెండువిధములు. ఆత్మ తన్ను తాను ప్రకాశింపజేసికొనునట్టి స్వరూపజ్ఞానము మొదటిది. బయటి వస్తువులను, మనుష్యులను, నామములను తెలిసికొనునట్టి ధర్మభూతజ్ఞానము రెండవది. ఈ రెండవది దీపపు వెలుగువంటిది. శరీరేంద్రియముల స్థితిని బట్టి అది సంకోచించును, వికసించును. నిద్రలో సంకోచించును, మూర్ఛలో సంకోచించును, రోగమున సంకోచించును. దీపముపై కుండ బోర్లించినపుడు గదిలో చీకటి పడును గాని దీపము ఆరిపోదు. భార్యను గుర్తింపలేకపోవుట వెలుగు సంకోచము. ఆయన ఆయనయే. వ్యాధి కొనిపోయినది ఆయన ఎరుకను మాత్రమే. స్వామికి శేషభూతమైన ఆత్మను ఏ వ్యాధియు తాకజాలదు. కాబట్టి ఆ పడకపైనున్న వ్యక్తిని “అది”, “ఇది” యనరాదు. ఎదుటనే ఆయననుగూర్చి లేనివానినిగూర్చి మాటలాడినట్లు మాటలాడరాదు. నిన్నటివరకు “నాన్నగారు” అని పిలిచినవారు నేడును అట్లే పిలువవలెను.

సేవ యెందుకు?

ఇచ్చట వేరొక శంక పుట్టును. ఆత్మకు హాని లేనపుడు, స్వామియే స్మరించునపుడు, ఇక శుశ్రూషతో పనియేమి? వ్యాధి కుదురదని తెలిసిన పిమ్మట చేయు సేవ బూడిదలో పోసిన పన్నీరు కాదా?

దీనికి శ్రీరామచంద్రుడే తన నడవడిచే సమాధానము చెప్పెను. రెక్కలు తెగి పడియున్న జటాయువును బ్రతికింపవలెనని రాముడు పూనుకొనలేదు. అది సాధ్యము కాని దశ. అట్లని విడిచి సీతాన్వేషణమునకు పరుగిడనును లేదు. ఆ పక్షి చూపు చెదరుచుండెను, మాట తడబడుచుండెను. వాక్యము ముగియకయే ప్రాణము పోయెను. రాముడు చేతులు జోడించి, చెప్పుము చెప్పుమని వేడుచు, కడవరకు దాని కడనే యుండెను. తండ్రికి చేసినట్లు సంస్కారము చేసి గోదావరిలో ఉదకము విడిచెను. భద్రాచలమునకు దాపుననున్న ఏటపాకను జటాయువు పడినచోటుగా ఆ ప్రాంతమువారు నేటికిని చూపుదురు. ఆ గోదావరియే గౌతమిగా, వసిష్ఠగా, వైనతేయగా చీలి కోనసీమను చుట్టి ప్రవహించుచున్నది. బ్రతికింపలేనివానికి గూడ చేయవలసినది చాల కలదని ఆ నదీతీరమున రాముడు చూపెను.

చరకసంహిత సూత్రస్థానమున వైద్యునికి నాలుగు వృత్తులు చెప్పబడినవి. మైత్రి మొదటిది. ఆర్తులయందు కారుణ్యము రెండవది. కుదురదగిన రోగియందు ప్రీతి మూడవది. ప్రకృతిలో లీనమగుచున్నవానియందు ఉపేక్ష నాలుగవది. ఈ ఉపేక్షాశబ్దమును నిర్లక్ష్యమని అర్థము చేసికొనుట పొరపాటు. మరణముతో వ్యర్థముగా పెనుగులాడక, సమచిత్తముతో దరినుండుట ఇచ్చటి భావము. ఆ గ్రంథమే చికిత్సకు నాలుగు పాదములు చెప్పి, వైద్యుడు, ఔషధము, రోగి అనువారితోపాటు పరిచారకునికి సమానస్థానమిచ్చెను. ఉపచారము తెలియుట, నేర్పు, అనురాగము, శుచిత్వము పరిచారకుని గుణములు. ఔషధమను పాదము విరిగిన వ్యాధిలో పరిచారకుడే మంచమునకు మిగిలిన కోడు.

ఇక శ్రీవైష్ణవగృహములకు ఈ సేవ తెలియనిది కాదు. అర్చామూర్తి పలుకదు. అయినను ప్రాతఃకాలమున సుప్రభాతముతో మేలుకొలుపుదురు, స్నపనము చేయుదురు, నైవేద్యమిడుదురు, రాత్రి పవళింపుసేవ చేయుదురు. “స్వామి బదులు పలుకలేదు, నేడు సేవ మానుదము” అని ఏ అర్చకుడును అనడు. బదులుపలుకు రాని చోట సేవ చేయుటయే కైంకర్యమునకు మొదటి పాఠము. ఆ పాఠమును ఏండ్లతరబడి అభ్యసించిన గృహమునకు, పలుకలేని తండ్రిని కడిగి, తుడిచి, ప్రక్కకు ఒత్తిగిలించి పరుండబెట్టుట క్రొత్త విద్య కానేరదు.

సేవలో ఎరుక

అనురాగము చాలదు, ఎరుకయు కావలెను. పాపువా న్యూగినియాలోని ఫోరే జాతివారు ఒకప్పుడు మృతులయందలి ప్రేమచేతనే వారి దేహమును భుజించెడివారు. అందువలన “కురు” అను ఇట్టిదే వ్యాధి ముఖ్యముగా స్త్రీలలోను పిల్లలలోను వ్యాపించెను. ఆ ఆచారము మానిన పిమ్మట వ్యాధి క్రమముగా అంతరించినది. ఆ వ్యాధి ఒకరినుండి ఒకరికి సంక్రమింపగలదని చూపిన గాజ్డుసెక్ అను వైద్యునికి 1976లో నోబెల్ బహుమతి వచ్చెను. ప్రేమ ఎంత గొప్పదైనను, తెలియక చేసినపుడు కీడు కలుగవచ్చుననుటకు ఇది నిదర్శనము.

మొదటి ఎరుక వ్యాధి నిర్ణయమునకు సంబంధించినది. ఈ వ్యాధివలెనే కనబడి, సకాలమున చికిత్స చేసిన కుదురు వ్యాధులు కొన్ని కలవు. విటమిన్ లోపములు, థైరాయిడ్ దోషములు, శరీరరక్షకశక్తియే మెదడుపై తిరుగబడుటవలన వచ్చు వాపులు అట్టివి. కావున ముసలితనపు మతిమరపని కూర్చుండక, నాడీవైద్యుని శీఘ్రముగా కలియవలెను. ఎం.ఆర్.ఐ., ఇ.ఇ.జి., వెన్నునీటి పరీక్షలు ఇందుకు ఉపకరించును. నిర్ణయము స్థిరపడిన పిమ్మట మాత్రము ఊరూర పరుగులు మానవలెను. “నా కడ మందు కలదు” అనువాని మాట నమ్మి కొబ్బరితోట అమ్ముకొనుట వలన రోగికి మేలు కలుగదు, మిగిలినవారికి కూడు పోవును.

రెండవ ఎరుక అంటునకు సంబంధించినది. వ్యాధి పేరు వినగనే ఇరుగుపొరుగువారు గడప త్రొక్కుటకు వెనుదీయుట కలదు. ఇది అనవసరమైన భయము. తాకుటవలన, స్నానము చేయించుటవలన, కలిసి భుజించుటవలన, ఒకే గదిలో నిద్రించుటవలన ఈ వ్యాధి అంటదు. మరణానంతరము దేహమునకు స్నానము చేయించి యథావిధిగా సంస్కారము జరుపుకొనవచ్చును. మెదడు, వెన్నుపాము, కన్ను మొదలగు వానికి సంబంధించిన శస్త్రచికిత్సా సాధనములవలననే భయము. సామాన్యముగా మరగించినంత మాత్రమున అది నశింపదు. కావున శస్త్రచికిత్స ఏదైనను చేయవలసివచ్చిన ముందుగానే వైద్యునకు చెప్పవలెను. రక్తదానము, నేత్రదానము చేయింపరాదు.

మూడవది చప్పుడు. ఈ రోగికి చిన్న ధ్వనియు పిడుగువలె తోచును. కావున గదిలో మైకు, గంట, బిగ్గర భజన తగవు. మందమైన వెలుతురు ఉంచి, ఒక్కరే మెల్లగా మాటలాడవలెను. తాకుటకు ముందు పేరుపెట్టి పిలిచి, తాకుచున్నానని చెప్పవలెను. నామము వినిపింపదలచిన, లాలిపాట పాడు గొంతుతో వినిపింపవలెను. కుదుపులు తగ్గుటకు, ఆందోళన తగ్గుటకు వైద్యులు ఇచ్చు మందులు కలవు. అవి వ్యాధిని కుదుర్పకపోయినను బాధను తగ్గించును. రెండేసి గంటలకొకసారి ప్రక్క మార్చిన పుండ్లు పడవు.

నాలుగవది ఆహారము. అన్నము పెట్టకపోవుటకంటె పాపము లేదని నమ్మిన సీమ యిది. అందుచేత రోగి మ్రింగలేని దశ వచ్చినపుడు ఇంటివారి గుండె పగులును. నోరు తెరచి కూరిన ఆహారము ఊపిరితిత్తులలోనికి పోయి రోగిని ఉక్కిరిబిక్కిరి చేయును. కూర్చుండబెట్టి, మెత్తని పదార్థమును కొద్దికొద్దిగా చెంచాతో ఇచ్చి, దగ్గిన వెంటనే ఆపవలెను. గొట్టముద్వారా ఆహారమిచ్చుట వ్యాధిగతిని మార్పలేదు. దానిని పెట్టుటో మానుటో వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవలెను. తులసీతీర్థము గూడ గొంతులో పోయక, శుభ్రమైన దూదిని తడిపి పెదవులకు అద్దిన చాలును. నైవేద్యమును స్వామికి సమర్పింతురే గాని బలవంతము చేయరు. స్వీకరించుట స్వామి యిష్టము. మ్రింగలేనివాని కడను ఆ మర్యాదయే పాటింపవలెను. ఆకలి తీర్చుట ధర్మము. ఆకలియే తొలగినవాని నోట అన్నము కూరుట ధర్మము కాదు.

సత్యము చెప్పవలెనా?

రోగికి నిజము చెప్పవచ్చునా యని మరియొక ప్రశ్న. సత్యము పలుకవలెను, ప్రియముగా పలుకవలెను అని ధర్మశాస్త్రము రెండు నియమములు చెప్పినది. ఒకదానికొరకు వేరొకదానిని విడువరాదు. ఈ వ్యాధిలో కాలము మిక్కిలి తక్కువ. బుద్ధి కొంత నిలిచియున్న తొలివారములలో నిజమును దాచినచో, ఆయన చెప్పదలచిన మాట, పంచదలచిన ఆస్తి, చూడదలచిన కుమార్తె, దర్శింపదలచిన క్షేత్రము అన్నియు దాగిపోవును. అడిగినంతవరకు, ఓర్చుకొనగలిగినంతవరకు, ప్రేమించువారి నోట చెప్పుట మేలు. అంతర్వేది లక్ష్మీనృసింహుని రథోత్సవము జరుగు భీష్మైకాదశి, తన మరణమును ముందుగా ఎరిగి, ధర్మము చెప్పి, అనుజ్ఞ తీసికొని వెడలిన మహాత్ముని పేర వెలసిన తిథి కదా!

చట్టమును ఈ విషయమున తోడు వచ్చినది. కోలుకొనుటకు వీలులేని దశలో కృత్రిమసాధనములతో ప్రాణమును పొడిగింపవలదని, బుద్ధి స్వస్థముగానున్నపుడే వ్రాసియుంచుకొను హక్కును 2018లో సుప్రీంకోర్టు అంగీకరించెను. 2023లో ఆ పద్ధతిని సులభము చేసెను. ఇరువురు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచేగాని గెజిటెడ్ అధికారిచేగాని ధ్రువపరచుకొనిన చాలును. చంపుట వేరు, మరణకాలమును యంత్రములతో సాగదీయకుండుట వేరు. మొదటిది హింస. రెండవది కాలస్వరూపుడైన భగవంతునికి త్రోవనిచ్చుట.

ఊరి ధర్మము

ఇట్టి ఇంటికి పోయి “ఏ జన్మపాపమో” అనువారు కలరు. కర్మసిద్ధాంతము తన కష్టమును తాను ఓర్చుకొనుటకు ఏర్పడినది. ఇతరుల కష్టముపై కొరడావలె ఝళిపించుటకు కాదు. ఎవరి కర్మ యెట్టిదో ఎరిగినవాడు ఈశ్వరుడొక్కడే. ఆయన ఇంకను తీర్పు చెప్పకమునుపే గడపలో నిలిచి తీర్పు చెప్పుట అపచారము. “పిల్లలకు వచ్చునా?” అని ఆ తల్లి లోలోన భయపడుచుండును. పెక్కుమందిలో ఇది వంశమున వచ్చునది కాదని, సందేహమున్న వైద్యుని అడిగి తెలిసికొనవచ్చునని చెప్పుట కొంత ఊరట.

లంకలగన్నవరమున డొక్కా సీతమ్మ (1841-1909) వేళ చూడక, కులము చూడక, వచ్చినవారికెల్ల అన్నము పెట్టి అపరాన్నపూర్ణ యనిపించుకొనెను. వైనతేయపై కట్టిన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టిరి. ఆమె అతిథిని “ఎందులకు వచ్చితివి?” అని అడుగలేదు. రోగిని కాచుచున్న ఇల్లాలికి ఆ పూట వంట చేసి పంపుట ఆమె త్రోవలో నడచుటయే. రాత్రి నాలుగుగంటలు తాము మేలుకొని ఆమెను నిద్రింపనిచ్చుట, మందులు తెచ్చిపెట్టుట, బ్యాంకు పని చూచిపెట్టుట కూడ అట్టివే. “ఏదైన కావలసిన చెప్పుడు” అని పోవుటకంటె, అడుగకయే ఒక పని చేసిపోవుట మేలు. కడుపులో దుఃఖమున్నవానికి అడుగుటకును ఓపిక యుండదు.

కేరళదేశమున కోళికోడులో 1993లో ప్రారంభమైన ఉపశమనచికిత్సా సంఘము ఇట్టి ఇరుగుపొరుగు సేవనే ఒక వ్యవస్థగా మార్చినది. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము దీనిని తన విధానముగా ప్రకటించెను. శిక్షణ పొందిన నర్సులతోపాటు గ్రామవాసులే రోగి యింటికి పోయి సేవ చేయుదురు. అమెరికాలో 1993లోను, ఇంగ్లండులో 1995లోను సి.జె.డి. రోగుల బంధువులే సంఘములుగా ఏర్పడి, క్రొత్తగా ఆ కష్టమున పడినవారికి త్రోవ చెప్పుచున్నారు. కోనసీమలో సప్తాహములకు, కల్యాణములకు, అన్నసమారాధనలకు పదిమంది కూడుట క్షణములో పని. ఆ పదిమందియే వంతులు వేసికొని ఒక రోగి గృహమునకు తోడు నిలిచిన, అదియు భగవత్కైంకర్యమే యగును.

నివారింపదగిన వ్యాధిని నివారించుట సేవలో మరియొక భాగము. తట్టు వచ్చి తగ్గిన కొందరు పిల్లలలో, మిక్కిలి అరుదుగా, ఏండ్లు గడచిన పిమ్మట ఆ వైరసే మెదడున దాగి విజృంభించును. చదువులో వెనుకబాటుతోను, కుదుపులతోను మొదలై అది ఇంచుమించుగా సి.జె.డి. వలెనే ప్రాణము తీయును. దీనిని ఎస్.ఎస్.పి.ఇ. అందురు. 9 నుండి 12 మాసముల మధ్యను, మరల 16 నుండి 24 మాసముల మధ్యను వేయించు టీకాలు దీనినుండి కాపాడును. ఒక వ్యాధి మానవుని చేతిలో లేదు, ఇంకొకటి కలదు. లేనిదానియందు శరణాగతి, కలదానియందు ప్రయత్నము. రెండును భక్తుని లక్షణములే.

ఫలితార్థము

కావున స్మృతి తొలగిన వేళ మూడు స్మృతులు నిలిచియుండును. మొదటిది రోగి పూర్వము చేసిన స్మరణము. అది స్వామి కడ చేరియున్నది, వ్యాధి అచ్చటికి పోజాలదు. రెండవది స్వామి చేయు స్మరణము. అది మాట ఇచ్చినవాని బాధ్యత. మూడవది ఇంటివారి స్మరణము. ఆయన తన పేరు మరచినపుడు వారు ఆయన పేరు తలంతురు. ఆయన సహస్రనామము మరచినపుడు, ప్రక్కన కూర్చుండి మెల్లగా వారు పఠింతురు. ఆయనకు వినబడినదా లేదా యని విచారింపనక్కరలేదు. వినవలసినవాడు వినుచునే యుండును.

రోగిచేత నామము పలికింపలేకపోతిమని ఏ యిల్లాలును, ఏ కుమారుడును తమ్ము తాము నిందించుకొనరాదు. వారు త్రిప్పిన ప్రక్కలు, తడిపిన పెదవులు, మేలుకొనిన రాత్రులు, అన్నియు అర్చనలే. నీరుగట్టిన కన్నులతో దుప్పటి సవరించు చేతికి ఫలమిచ్చుట శ్రీమన్నారాయణుడు మరువడు. ఆర్తులకును, ఆర్తులను కాచువారికిని ఆ లక్ష్మీనృసింహుడు సదా తోడుండుగాక!

శుభం భూయాత్.